తుమ్మచెక్క గిటారు

మా ఇంట్లో ఫ్యానుకు రిమోటు వచ్చి ఆరు నెలలైంది. అంతకుముందు గోడకు నల్లగా, గుండ్రంగా ఒక రెగ్యులేటర్ ఉండేది. ముప్ఫై ఏళ్ళలో అది ఒక్కసారి కూడా దిండు కింద దాక్కోలేదు. రిమోటు మాత్రం వచ్చిన రోజు నుంచీ దాక్కోవడమే పనిగా పెట్టుకుంది. మొన్న పూర్తిగా పనిచెయ్యడం మానేస్తే దుకాణానికి తీసుకుపోయాను. దుకాణంవాడు దాన్ని చేత్తో ముట్టుకోకుండానే, ఇది బాగుకాదు సార్, ఫ్యానే మార్చుకోండి అన్నాడు. (చెప్పుకు మేకు ఊడితే కాలు మార్చుకోమన్నట్టు.) ప్రస్తుతం మా ఇంట్లో గాలి మూడో నంబరు దగ్గర ఆగిపోయింది. చలేసినా మూడే, ఉక్కపోసినా మూడే.

ఆ రోజుల్లో మా కోస్గిలో బాగుకానిది అంటూ ఏదీ ఉండేది కాదు. అసలు వస్తువులే తక్కువ కాబట్టి, ఉన్నవాటిని చచ్చిపోనిచ్చేవాళ్ళు కాదు. లారీ టైరు అరిగిపోతే బావిలో నీళ్ళు తోడే బొక్కెన అయ్యేది. ట్రాక్టరు మూలకు పడితే దాని సీటు మంగలి దుకాణంలో కుర్చీ అయ్యేది. (అందులో కూర్చుంటే గడ్డం గీయించుకుంటున్నట్టు కాక, పొలం దున్నడానికి పోతున్నట్టు ఉండేది.) అటువంటి ఊళ్ళో పెరిగినవాడికి, దొరకని వస్తువును ఇంట్లో తయారు చేసుకోవచ్చుననే దురభిప్రాయం కలగడం సహజం. నాకది ఎలక్ట్రిక్ గిటారు విషయంలో కలిగింది.

అప్పుడు నేను పాలమూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువుతున్నానంటే, పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వస్తున్నానని. కాలేజీ వార్షికోత్సవానికి పెళ్ళిళ్ళలో వాయించే ఒక ఆర్కెస్ట్రా వచ్చింది. అందులో అందరూ ఉన్నారు కానీ గిటారు వాయించేవాడు లేడు. అతనికి కొత్తగా పెళ్ళైందట, మామగారు కిరాణా దుకాణంలో కూర్చోబెట్టారట. ఆర్కెస్ట్రా మాస్టరు సన్నగా, హార్మోనియం పక్కన ఇంకో మెట్టులాగా ఉండే మనిషి. నేను దగ్గరికి పోయి, నాకు గిటారు వచ్చు అన్నాను. ఇందులో కొంత నిజం ఉంది. చర్చిలో పాటలకు గిటారు వాయించే పొడుగోడు అని మా క్లాస్‌మేట్ ఒకడుండేవాడు, ఆరు నెలలుగా వాడి పెట్టె గిటారు మీద నేను పాటలు నేర్చుకుంటున్నాను. మాస్టరు నన్ను కిందికీ పైకీ చూసి ఒకే ప్రశ్న అడిగారు.

"కరెంటు గిటారున్నదా నీ కాడ?"

"ఉన్నది" అన్నాను. ఇందులో నిజం లేదు.

నెల తరువాత మా కోస్గిలోనే పల్లీల సావుకారి కూతురు పెళ్ళి ఉందనీ, ఆ ప్రోగ్రాం తమదేననీ, నా ఊరే కాబట్టి అక్కడే మొదలుపెట్టమనీ మాస్టరు చెప్పారు. గిటారు తీసుకుని రాకపోతే నారాయణపేటలో ఇంకొకతను సిద్ధంగా ఉన్నాడని కూడా, చాలా మెత్తగా, చెప్పారు. నేను సాయంత్రం బస్సు దిగేసరికే ఈ సంగతి ఊళ్ళో పదిమందికి తెలిసిపోయింది. (ఆ పదిమందికీ నేనే చెప్పాను.) ఇక వెనక్కి పోవడానికి దారి లేదు. మా నాయిన మార్కెట్ యార్డులో గుమాస్తా. నేను టైపు పరీక్ష పాసై ఏదో ఒక ఆఫీసులో కూర్చోవాలని ఆయన కోరిక. గిటారు మాట విని ఆయన కోప్పడలేదు, పాటలు రేడియోలో వస్తున్నయి గదా, మళ్ళ మనం ఎందుకు అని మాత్రం అడిగాడు.

ఆ వారమే హైదరాబాదు పోయి ఒక వాయిద్యాల దుకాణంలో గోడకు వేలాడుతున్న ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు ధర అడిగాను. దుకాణదారు నా మొహం వదిలేసి నా చెప్పుల వైపు చూసి, చూసిపోవడానికి ఏమీ తీసుకోం బాబూ అన్నాడు. ఆ మర్యాదకు కృతజ్ఞతగా అతని దగ్గర ఆరు తీగెలు, వాటిని బిగించే మరలు కొన్నాను. మిగతా గిటారు కోస్గిలో దొరుకుతుందని నా ధీమా. తీగెను నొక్కి స్వరం మార్చే మెట్లు మెడ మీద ఎక్కడెక్కడ రావాలో కొలత కోసం పొడుగోడి పెట్టె గిటారు మీద రికార్డు బుక్కు కాగితాలు నాలుగు అంటించి పరిచి, పైన పెన్సిలు అడ్డంగా రుద్దాను. మెట్లన్నీ నల్లటి గీతలుగా కాగితం మీదికి వచ్చాయి. ఇంజనీరింగ్ చదివేవాళ్ళు కూడా ఇంత శాస్త్రీయంగా చెయ్యరని పొడుగోడు మెచ్చుకున్నాడు. వాడికి లెక్కల్లో రెండుసార్లు పోయింది.

ఆ కాగితం పట్టుకుని మా వడ్ల తాత దగ్గరికి పోయాను. వడ్ల తాత అంటే మా ఊరి వడ్రంగి. సొంత తాత కాదు గానీ, మా వాడలో ప్రతి ఇంటి దర్వాజా ఆయన చేతి పనే కాబట్టి అందరికీ తాతే. నాగళ్ళు, గుంటకలు చేసేవాడు. కానీ ఆయన అసలు పేరు బండిచక్రాల్లో. చక్రం నడుమ కుంభం నుంచి పట్టాదాకా పోయే ఆకులు ఉంటాయి చూడండి, వాటిని ఆయన కొలబద్ద లేకుండా, వేళ్ళతో కొలిచి బిగిస్తే ఆకుకూ ఆకుకూ మధ్య వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఆయన చేసిన చక్రం మీద బండి తోలితే పడుకున్న పసిపిల్ల లేవదని చెప్పుకునేవాళ్ళు. ఆ పనితనం మీద ఆయనకు ఎంత పట్టుదలో చెప్పాలంటే, ఒకసారి ఎవరింట్లోనో తలుపు కొంచెం ఒరుసుకుంటోందని చెబితే, మాట్లాడకుండా ఆ తలుపు ఊడబీకి ఇంటికి తెచ్చుకుని, రెండు రోజులు అన్నం సరిగ్గా తినకుండా, కొత్త తలుపు చేసి బిగించి వచ్చాడు. పాత తలుపును మళ్ళీ ఎవరూ చూడలేదు.

గిటారు అంటే ఏమిటో ఆయనకు చేతులతో గాల్లో గీసి చూపించాను. ఆయన ఒళ్ళో కాగితం పెట్టుకుని చాలాసేపు చూశాడు. దేనికైనా తుమ్మకు మించిన కట్టె లేదన్నాడు. వాయిద్యాలకు తేలిక కట్టె వాడతారట తాతా అన్నాను భయపడుతూ. తేలిక కట్టె మూడేండ్లకు పోతది, నీకు మనుమలు వాయించేటట్టు ఇస్త అన్నాడు. చక్రాలకోసం ఎండబెట్టిన తుమ్మచెక్క దొడ్లో ఉంది, దాన్నే తీశాడు. మెట్లకు ఇత్తడి పట్టీ దొరక్కపోతే సైకిల్ స్పోకులు కత్తిరించి వాడదామని నేనే చెప్పాను. ఇరవై స్పోకు ముక్కలు లెక్కపెట్టి ఆయన చేతిలో పోశాను. పైసలు మాట ఎత్తితే, చదువుకునే పిలగానివి, పెండ్లిల నన్ను ముందట కూసోబెట్టు చాలు అన్నాడు.

చెక్క అక్కడ తయారవుతుంటే నేను కరెంటు సంగతి చూడ్డానికి, కాలిన మోటార్లకు కొత్తగా తీగ చుట్టే వైండింగ్ ఆయన, ఊళ్ళో అందరం చిచ్చా అని పిలిచే మనిషి, దుకాణానికి పోయాను. ఎండాకాలం. మా వైపు ఎండాకాలం అంటే బోర్లలో నీళ్ళు కిందికి పోవడం, కరెంటు వోల్టేజీ కిందికి పోవడం, మోటార్లు కాలి చిచ్చా దుకాణానికి రావడం. దుకాణం ముందు కాలిన మోటార్లు దవాఖానలో రోగుల్లాగా వరుసగా పడుకుని ఉండేవి, ఒక్కోదానికి ఊరి పేరూ హార్స్‌పవరూ రాసిన చీటీ కట్టి. తీగెల కింద అయస్కాంతం పెట్టి, దాని చుట్టూ సన్న రాగితీగ కొన్ని వేల చుట్లు చుడితే తీగె మోత కరెంటుగా మారుతుందని పొడుగోడి దగ్గరున్న ఒక పుస్తకంలో చదివాను. చిచ్చాకు అది చెప్పగానే అర్థమైపోయింది. (నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.) పాడైన రేడియో స్పీకరు పగలగొట్టి అయస్కాంతం తీశాడు. మోటారు స్టార్టర్‌లో ఉండే చిన్న కాయిలు విప్పి వెంట్రుకంత సన్న తీగ తీశాడు. కరెంటు పోయిన గంటల్లో, వేరే పని నడవదు కాబట్టి, చేతిమరతో నా కాయిలు చుట్టేవాడు. చుట్టడం అయ్యాక మోటార్లకు పోసినట్టే వార్నిష్ పోసి ఎండకు పెట్టాడు, అలవాటుకొద్దీ చీటీ కూడా కట్టాడు. దాని మీద హార్స్‌పవర్ రాయాల్సిన చోట కాసేపు ఆలోచించి గీత గీశాడు. తన మోటారు కోసం పొద్దుటినుంచీ బీడీలు తాగుతూ కూర్చున్న ఒక రైతు ఆ కాయిలును అటూ ఇటూ తిప్పి చూసి, ఎన్ని ఇంచుల నీళ్ళు పోస్తది ఇది అని అడిగాడు. నీళ్ళు పొయ్యదు, పాట పాడుతుంది అని చిచ్చా చెప్పాడు. ఆ రైతు దాన్ని జాగ్రత్తగా కింద పెట్టి కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.

పెళ్ళి పది రోజులుందనగా గిటారు తయారైంది. చూడ్డానికి చాలా బాగుంది, ఇది ఇప్పుడు ఒప్పుకోవాలి. నూనె పట్టించిన తుమ్మచెక్క ఎర్రగా మెరుస్తోంది, స్పోకులు వెండిగీతల్లాగా ఉన్నాయి. బరువు మాత్రం కొంచెం ఉంది. ఎద్దు మెడపట్టెకు మువ్వలు తీసేసి గిటారుకు కట్టి మెడలో వేసుకుంటే, కాడి కిందికి వచ్చినట్టనిపించి నా కాళ్ళు వాటంతటవే ముందుకు కదిలాయి. చిచ్చా దుకాణంలో పాత రేడియోకు తగిలించి ఉత్త తీగె మీటితే రేడియోలోంచి గంట కొట్టినట్టు మోత వచ్చింది. చిచ్చా చెయ్యి పైకెత్తాడు. రైతులు బీడీలు పక్కన పెట్టారు. వడ్ల తాత మీసం కింద నవ్వాడు. నేను పొడుగోడి దగ్గర నేర్చుకున్న వాటిలో అందరికీ తెలిసిన పాట ఎత్తుకున్నాను.

పాట రాలేదు. పాటలాంటిదేదో వచ్చింది, కానీ దానికి మూడు రోజులుగా జ్వరం ఉన్నట్టుంది. మొదటి స్వరం బాగానే ఉంది. తరువాతిది రావలసినంత ఎత్తుకు రాలేదు, దాని తరువాతిది ఇంకా కింద, నడుమకు పోయేసరికి ఏ స్వరం ఎవరి ఇంట్లో ఉందో తెలియడం లేదు. ఆశ్చర్యంగా చివరి స్పోకు దగ్గర మళ్ళీ బాగుంది. అలవాటు లేని చెయ్యి అని ఏదో గొణిగి ఇంటికి తెచ్చి, నా కాగితం తీసి మెడ మీద పరిచి చూశాను. కాగితంలో గీతలు, పొడుగోడి గిటారు మీద ఉన్నట్టే, మొదట్లో ఎడంగా ఉండి, పోనుపోను దగ్గరికి వస్తున్నాయి. గిటారు మీద స్పోకులు మొదటినుంచి చివరిదాకా ఒకే ఎడంతో, వెంట్రుకవాసి తేడా లేకుండా, చక్రంలో ఆకుల్లాగా ఉన్నాయి.

పోయి అడుగుదామని బయల్దేరాను. వడ్ల తాత అరుగు మీద కూర్చుని బాడిశె నూరుకుంటున్నాడు. నేను నోరు తెరిచేలోపల ఆయనే పక్కన కూర్చోమని, గొంతు తగ్గించి చెప్పాడు.

"నీ కాయితంల తప్పున్నది పిలగా. రెండు కొసలు మంచిగనే ఉన్నయి, నడుమ గీతలు ఒకటి ఎడం, ఒకటి దగ్గెర, అంత ఆగమాగం గీసిండు. నేను సమం జేసిన. గీసినోనికి మాత్రం చెప్పకు. పాపం, నామోషి అయితది."

ఏం చెప్పను? ఒకటి, చెబితే ఆ తలుపుకు పట్టిన గతే ఈ గిటారుకూ పడుతుంది. ఊడబీకి తీసుకుపోతాడు, అన్నం తినడు, కొత్త చెక్క వెతుకుతాడు, కొత్త గిటారు ఉగాది దాటాక వస్తుంది, పెళ్ళేమో పది రోజుల్లో ఉంది. రెండు, ముప్ఫై ఏళ్ళుగా ఏ బండీ కుంటని చక్రాలు చేసినవాడి ముఖం మీద, నీ కొలత తప్పు తాతా అనే ధైర్యం నాకు లేదు. బాగుంది తాతా అన్నాను. (ఇందులో కూడా కొంత నిజం ఉంది.) ఆయన సంతోషంగా, పెండ్లిల ముందట కూసోబెడ్తనన్నవు, యాది పెట్టుకో అన్నాడు.

తరువాతి మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. నారాయణపేట అతను నా కలలోకి కూడా వచ్చాడు. మనిషిని ఎన్నడూ చూడలేదు, అయినా వచ్చాడు. చివరికి గిటారు మోసుకుని చిచ్చా దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చిచ్చా మోటారు విప్పుతూ అంతా విని, నవ్వలేదు. గిటారును తన ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, స్పోకుల మీద ఒకటి రెండుసార్లు వేలు పెట్టి మీటి చూసి తల అడ్డంగా ఊపాడు. తరువాత పక్కనున్న డబ్బాలోంచి మోటారు బుష్ ఒకటి తీశాడు. బుష్ అంటే మోటారు ఇరుసు తిరగడానికి వేసే చిన్న కంచు గొట్టం, వేలికి సరిగ్గా పడుతుంది. దాన్ని వేలికి తొడుక్కుని తీగె మీద మెల్లగా జరిపాడు. రేడియోలోంచి స్వరం ఎక్కడా ఆగకుండా, ఏ స్పోకునూ లెక్కచెయ్యకుండా, ఒకదానిలోంచి ఒకటి జారుకుంటూ పైకి పోయింది. అంగడిలో తప్పిపోయిన పిల్లను ఎవరో ఎత్తుకుని తల్లి దగ్గరికి తీసుకుపోతున్నట్టు అనిపించింది నాకు.

"చూడు బేటా, స్వరం యాడుందో నీ చెవికి ఎరుకేనా? ఎరుకైతే ఆడికి పోయి ఆగు. గీ పుల్లలతోని నీకేం పని" అన్నాడు.

తీగెలు స్పోకులకు తగలకుండా మెడ మొదట్లో ఒక పెన్సిలు ముక్క దూర్చి వాటిని పైకెత్తాం. (ఆ కాగితం రుద్దిన పెన్సిలే. కొంత పాపం అది కూడా మోయాలి కదా.) ఎద్దు మెడపట్టె తీసేశాం. ఇక గిటారు మెడలో వేసుకునేది కాదు, ఒళ్ళో పెట్టుకునేది. తుమ్మచెక్క బరువుకు తొడలు తిమ్మిరెక్కేవి, కానీ కదలకుండా కూర్చుంటుంది కాబట్టి చెయ్యి నిలకడగా ఉండేది. ఆ వారం రోజులు కాలేజీ మానేసి చిచ్చా దుకాణంలో కాలిన మోటార్ల మధ్య కూర్చుని సాధన చేశాను. మొదటి రెండు రోజులు రైతులు, వీనికేమైంది అన్నట్టు చూశారు. మూడో రోజు ఒకాయన పాట గుర్తుపట్టి తలూపాడు. ఐదో రోజు ఇంకొకాయన, తన మోటారు తయారైనా, పాట అయ్యేదాకా పోలేదు. నా జీవితంలో నాకు దొరికిన అతి పెద్ద బిరుదు అదే.

పెళ్ళి ముందురోజు పాలమూరులో మాస్టరుకు వాయించి చూపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. నిలబడి ఊగుతూ వాయించే గిటారు కావాలనుకున్నాను, ఇది వేరే రకం అన్నారు. నా గుండె నారాయణపేట దాకా పోయి వచ్చింది. అప్పుడు కళ్ళు తెరిచి, కూర్చుని వాయించేవాడికి కుర్చీ కావాలి కదా, అది నేను తెస్తానులే అన్నారు.

పగటి ముహూర్తం. పెళ్ళి అయిపోయి భోజనాలు మొదలయ్యే వేళకు ఆర్కెస్ట్రా ఎత్తుకుంది. వడ్ల తాత ఉతికిన ధోతీ, ఇస్త్రీ చొక్కా, మెడలో కొత్త తువ్వాలతో అందరికన్నా ముందు వచ్చి మొదటి వరుసలో కూర్చున్నాడు. కూర్చున్నవాళ్ళలో తనకు తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ, అది నా చేతి పని అని చెబుతున్నట్టు వేదిక మీదినుంచే తెలుస్తోంది. మా నాయిన వెనక వరుసలో, ఎవరో వేరేవాళ్ళ కొడుకును చూస్తున్నట్టు ముఖం పెట్టుకుని ఉన్నాడు. నా వంతు వచ్చింది. బుష్ వేలికి తొడుక్కుని, చెమటకు అది జారిపోతుందేమో అని భయపడుతూ, మొదటి తీగె మీటాను. మైకుసెట్టు కొమ్ముల్లోంచి ఆ స్వరం పందిరి దాటి, మార్కెట్ యార్డు దాకా పోయింది. వడ్డించేవాళ్ళు ఆగారు. పప్పు గరిటె గాల్లోనే ఉంది. పాట అయ్యేసరికి వెనకనుంచి ఎవరో ఈల వేశారు. (మా నాయిన కాదు. కానీ ఆయన లేచి నిలబడి ఉన్నాడు, ముందువాళ్ళు అడ్డమొచ్చారేమో.) మాస్టరు ఇంకో పాట ఎత్తుకోమని కళ్ళతో చెప్పారు. అలా మూడు పాటలు వాయించాను.

ఇప్పుడు ఆ ఇరవై ఏళ్ళ మొనగాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. అబద్ధం చెప్పి ఆర్కెస్ట్రాలో చేరాడు, నిజం దాచి గిటారు వాయించాడు, రెంటికీ కలిపి చప్పట్లు తీసుకున్నాడు. పైగా ఒక ముసలాయన మనసు నొప్పించకుండా కాపాడానని లోపల్లోపల తన భుజం తనే తట్టుకుంటున్నాడు. ఆయన ముందు వరుసలో కూర్చుని మూడు పాటలు విన్నాడే గానీ, నా ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదని, చూపంతా నా చేతి మీదే ఉందని, ఆ మొనగాడికి తట్టనే లేదు.

ప్రోగ్రాం అయ్యాక వడ్ల తాత మెల్లగా వేదిక ఎక్కి వచ్చాడు. ఎట్లుంది తాతా అన్నాను, మెచ్చుకోలు అందుకోవడానికి సిద్ధంగా. ఆయన నా ఒళ్ళోని గిటారు మీదికి వంగి, తీగెల కింద గోరు దూర్చి, మొదటి స్పోకు నుంచి చివరి స్పోకు దాకా ఒక్కొక్కదాన్నీ తడిమాడు. తరువాత నడుము ఎత్తి నిలబడి నా ముఖంలోకి చూశాడు.

"ఇరవై పుల్లలు కొట్టిన. ఒక్కదాన్నన్న ముట్టకపోతివి. ముందుగాల్ల చెప్తే ఉత్త కట్టె ఇస్తుంటి గద పిలగా."